పెద్ద బ్యాచ్ బీరు కాచేటప్పుడు కెటిల్లో మట్టం, మరిగే సమయం: లెక్క తప్పకుండా చేసే పద్ధతి

మొదటిసారి 10 గ్యాలన్ల బ్యాచ్ కాచిన రోజు నాకు బాగా గుర్తు. అంతకుముందు రెండేళ్లు 5 గ్యాలన్లు, అంటే 19 లీటర్ల బ్యాచ్‌లే కాచేవాడిని. ఆ చిన్న కెటిల్లో, అంటే బీరు మరిగించే గిన్నెలో, 24 లీటర్లతో మొదలుపెడితే గంట మరిగాక 20 లీటర్లు మిగిలేవి. ఆరోవంతు ఆవిరైపోతోందని గుర్తుపెట్టుకున్నాను. పెద్ద కెటిల్ కొన్నాక అదే ఆరోవంతు లెక్కతో 52 లీటర్లు పోశాను. గంట తర్వాత 43 లీటర్లు ఉండాలి. కొలకర్ర ముంచి చూస్తే 46న్నర ఉంది.

అప్పటికే హాప్స్, అంటే బీరుకు చేదు, వాసన ఇచ్చే పువ్వులు, అన్నీ వేసేశాను. వర్ట్, అంటే మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన గింజలు) నుంచి దించిన తీపి రసం, పలచగా ఉంది కాబట్టి మరిగిస్తూనే ఉండాల్సి వచ్చింది, ఇంకో 35 నిమిషాలు. చివరి 10 నిమిషాల కోసం వేసిన కాస్కేడ్ రకం హాప్స్ ముప్పావుగంట ఉడికాయి. పంపరపనస తొక్క వాసన కోసం వేసిన హాప్స్ నుంచి వాసన ఆవిరితో పోయి, చేదు మాత్రం మిగిలింది. రెండు కెగ్‌ల (బీరు నింపే స్టీలు పీపాల) నిండా అదే. ఒక్కో గుక్కకీ నాలుక వెనక పట్టేసే చేదు.

మన ఇళ్లలో బెల్లం పాకం పట్టేవాళ్లు ఎవరైనా గడియారం చూసి దింపుతారా? పాకం చూసి దింపుతారు. బీరులోనూ నేను నేర్చుకున్నది అదే. ముందు మట్టం చూసుకోవాలి, మట్టాన్ని బట్టి గడియారం మొదలుపెట్టాలి. చిన్న బ్యాచ్‌లో ఇది పాటించకపోయినా ఎలాగో గట్టెక్కుతాం. 40 లీటర్ల దగ్గర మాత్రం చిన్న పొరపాటు కూడా లీటర్లలో కనిపిస్తుంది.

ఇది అమెరికాలో ఉండి ఇంట్లో కాచుకునే తెలుగువాళ్ల కోసం రాస్తున్నాను. నేను ఉండేది డాలస్ దగ్గర. ఇక్కడ 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టం వల్ల ఇంటి అవసరానికి పన్ను లేకుండా ఏడాదికి ఒక్కరే ఉంటే 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువ పెద్దవాళ్లున్న ఇంట్లో 200 గ్యాలన్లు కాచుకోవచ్చు. అమ్మకూడదు. మిసిసిపీ, అలబామా రాష్ట్రాలు మాత్రం 2013 దాకా ఒప్పుకోలేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా కాచడం నేరం, కాబట్టి అక్కడ ఉన్నవాళ్లు దీన్ని చదివి ఊరుకోవాలి.

1. ముందు కొలకర్ర తయారు చేసుకోండి

కెటిల్ లోపలి గీతల్ని నేను నమ్మను. పొడవాటి చెక్క గరిట ఒకటి తీసుకోండి. కెటిల్లో 4 లీటర్ల చొప్పున చన్నీళ్లు పోస్తూ, ప్రతిసారీ గరిటను మధ్యలో నిట్టనిలువుగా అడుగు తాకేదాకా ముంచి తీయండి. తడి ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ కత్తితో గాటు పెట్టండి. పెన్నుతో గీస్తే రెండు బ్యాచ్‌లకే చెరిగిపోతుంది.

నా కెటిల్ 57 లీటర్లది, అడ్డుకొలత 40 సెంటీమీటర్లు. అందులో ఒక్క సెంటీమీటరు మట్టం అంటే లీటరుంబావు. వేలి మందం తేడా వచ్చిందంటే రెండు లీటర్లు అటో ఇటో అయినట్టే. అందుకే కెటిల్ ఒరిగి ఉందేమో కూడా చూసుకోవాలి. గ్యారేజీ నేలకు నీళ్లు బయటికి పోయేలా తలుపువైపు వాలు ఉంటుంది. నేను స్టాండు మీద రసమట్టం పెట్టి, ఒక కాలు కింద చెక్కముక్క దూర్చి సరిచేస్తాను.

మరుగుతున్నప్పుడు మట్టం చూడాలంటే మంట బాగా తగ్గించి, అర నిమిషం ఆగి, అప్పుడు కొలకర్ర ముంచండి. ఉడుకుతున్న పైభాగం ఎగిరెగిరి పడుతుంటుంది, బుడగలు కూడా మట్టాన్ని పైకి నెడతాయి. కెటిల్ పక్కన గాజు గొట్టం ఉన్నా ఇదే ఇబ్బంది.

2. మీ కెటిల్ తరుగు ఎంతో కనుక్కోండి

బంగారం షాపులో తరుగు అంటారు కదా, ఇక్కడా ఆ మాటే సరిపోతుంది. పోసినదంతా చేతికి రాదు. ఎక్కడెక్కడ ఎంత పోతుందో ముందే తెలియాలి.

అన్నిటికంటే పెద్దది ఆవిరి తరుగు. దీన్ని శాతంలో గుర్తుపెట్టుకోవడమే నేను చేసిన తప్పు. ఆవిరి ఎంత పోతుందనేది లోపల ఎన్ని లీటర్లు ఉన్నాయన్నదాన్ని బట్టి ఉండదు. పైన ఎంత వెడల్పు తెరుచుకుని ఉంది, కింద నుంచి ఎంత వేడి లోపలికి వెళ్తోంది, ఈ రెండే ముఖ్యం. అనకాపల్లి వైపు చెరకు రసం కాచి బెల్లం వండేచోట వెడల్పాటి పెనం వాడతారు. రసం తొందరగా దగ్గరపడాలంటే అంత వెడల్పు కావాలి. అదే రసాన్ని లోతైన బానలో పోస్తే పొద్దుపోయేదాకా కాగుతూనే ఉంటుంది. కాబట్టి మీ కెటిల్ తరుగును గంటకు ఇన్ని లీటర్లు అని రాసిపెట్టుకోండి. నా పెద్ద కెటిల్లో గంటకు 5.5 లీటర్లు. 30 లీటర్లు పోసినా అంతే, 50 పోసినా దాదాపు అంతే.

ఇది కనుక్కోవడానికి ఒక శనివారం ఉత్త నీళ్లతో సరిపెట్టుకోవచ్చు. 40 లీటర్లు పోసి, బాగా మరగడం మొదలయ్యాక మట్టం చూడండి. మూత లేకుండా సరిగ్గా గంట మరిగించి మళ్లీ చూడండి. రెండుసార్లూ వేడిగా ఉన్నప్పుడే కొలిచారు కాబట్టి తేడా నేరుగా తరుగే. బీరు కాచే రోజు మంట ఎంత పెడతారో పరీక్షలోనూ అంతే పెట్టాలి. రెగ్యులేటర్ మీద మార్కర్‌తో చిన్న గీత పెట్టుకుంటే మంచిది.

గాలి బాగా వీచే రోజు బయట కాస్తే, మంట పక్కలకు కొట్టుకుపోయి మరుగు మందగిస్తుంది. తేమగా ఉన్న రోజు ఆవిరి కాస్త తక్కువ పోతుంది. నా నోట్‌బుక్‌లో ఇలాంటి రోజుల్లో అర లీటరు దాకా తేడా కనిపించింది.

ఇక మిగతా తరుగులు. మరుగుతున్న నీరు 20 డిగ్రీలకు చల్లారితే దాదాపు 4 శాతం కుంచించుకుంటుంది. చిన్న బ్యాచ్‌లో అది ముప్పావు లీటరు. పెద్ద బ్యాచ్‌లో దాదాపు రెండు లీటర్లు! ఇది మర్చిపోయి చల్లారాక వర్ట్ తగ్గిందేంటని కంగారుపడేవాళ్లను చూశాను. కెటిల్ అడుగున హాప్స్, మడ్డి కలిపి నాకు 3 లీటర్లు పోతుంది. బీరు పులిసే ఫర్మెంటర్ అడుగున ఈస్ట్ మడ్డి ఒక్కోదానికి లీటరున్నర. హాప్స్ ఎక్కువ పడే ఐపీఏ రకం బీర్లకైతే ఇంకా ఎక్కువ వేసుకోండి.

3. కెగ్ నుంచి వెనక్కి లెక్కపెట్టండి

ఎంత నీళ్లు పోయాలి అన్నదానితో మొదలుపెట్టకండి. చివరికి ఎంత బీరు కావాలో అక్కడ మొదలుపెట్టి వెనక్కి రండి. నేను మామూలుగా కాచే పేల్ ఏల్ లెక్క ఇది:

- 19 లీటర్ల కెగ్‌లు రెండు: 38 లీటర్లు
- రెండు ఫర్మెంటర్ల మడ్డికి 3 లీటర్లు: 41
- కెటిల్ మడ్డికి, హాప్స్‌కి 3 లీటర్లు: 44, ఇది చల్లారాక ఉండాల్సిన మట్టం
- కుంచించుకునే 4 శాతం కలిపితే: 45.8, ఇది మంట ఆపేటప్పుడు ఉండాల్సిన మట్టం
- గంట మరుగుకు 5.5 లీటర్లు: 51.3, ఇది మరుగు మొదలైనప్పుడు ఉండాల్సిన మట్టం

57 లీటర్ల కెటిల్లో 51.3 లీటర్లంటే పైన నాలుగున్నర సెంటీమీటర్లే ఖాళీ. గంటన్నర మరిగించాల్సిన బీరైతే 54 లీటర్లు కావాలి, అప్పుడు రెండున్నర సెంటీమీటర్లు కూడా మిగలవు. కొత్తగా కొనేవాళ్లు 10 గ్యాలన్ల బ్యాచ్‌కు 20 గ్యాలన్ల, అంటే 76 లీటర్ల కెటిల్ కొనమని నా సలహా. ఉన్నది 15 గ్యాలన్లదే అయితే దానితోనూ అవుతుంది, ఎలాగో కింద చెప్తాను.

చిక్కదనం (గ్రావిటీ) కూడా ఇదే కాగితం మీద చూసుకోండి. ఉత్త నీళ్లు 1.000, వర్ట్ 1.050 ఉంటే అది 50 పాయింట్లు. మరిగేటప్పుడు నీళ్లు మాత్రమే పోతాయి, చక్కెర ఎక్కడికీ పోదు. కాబట్టి లీటర్లను గ్రావిటీ పాయింట్లతో గుణిస్తే వచ్చే అంకె మరుగుకు ముందూ తర్వాతా ఒకటే. చివరికి 44 లీటర్లు 1.050 దగ్గర కావాలంటే, 44 ఇంటూ 50, అంటే 2200. మొదట్లో ఉన్న 51.3 లీటర్లు చల్లారితే 49 లీటర్లు. 2200ని 49తో భాగిస్తే 45. అంటే మరుగు మొదలయ్యేటప్పటికి 1.045 కనిపించాలి. చుక్కల్లోనే చక్కెర కొలిచే రిఫ్రాక్టోమీటర్ మీద అయితే 11 బ్రిక్స్ (చక్కెర శాతం) దాటి కొద్దిగా.

వేడి వర్ట్‌లో హైడ్రోమీటర్ (తేలించి చిక్కదనం చూసే గొట్టం) పెట్టి చదివితే తప్పు అంకె వస్తుంది, అది 20 డిగ్రీలకో 15.6 డిగ్రీలకో తయారైన సాధనం. నాలుగు చుక్కలతో పనయిపోయే రిఫ్రాక్టోమీటర్ పెద్ద బ్యాచ్‌లు కాచేవాళ్లకు తప్పకుండా ఉండాలంటాను. ఆ చుక్కల్ని కూడా చెంచాలో అర నిమిషం చల్లారనిచ్చి వేయండి.

ఈ బీరుకు నేను వాడే మాల్ట్ 10 కిలోలు. కిలోకు లీటరు చొప్పున 10 లీటర్లు గింజలే తాగేస్తాయి, మాల్ట్‌ను వేడినీళ్లలో నానబెట్టే మ్యాష్ టన్ అడుగున ఇంకో లీటరు ఉండిపోతుంది. మొత్తం 60 లీటర్ల నీళ్లు సిద్ధం చేసుకోవాలి. సంచిలో మాల్ట్ పెట్టి పిండే పద్ధతైతే గింజలు తాగేది తగ్గుతుంది, కాబట్టి మూడు లీటర్లు తక్కువ పోసి చూడండి.

4. అంత మంట మీ దగ్గర ఉందా?

100 డిగ్రీల దగ్గరున్న ఒక లీటరు నీరు పూర్తిగా ఆవిరి కావడానికి దాదాపు 0.63 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి కావాలి. గంటకు 5.5 లీటర్లు పోవాలంటే మూడున్నర యూనిట్లు. అంటే వర్ట్ లోపలికి మూడున్నర కిలోవాట్లు నికరంగా వెళ్లాలి. అమెరికాలో మామూలు 120 వోల్టుల ప్లగ్గు మీద నడిచే 1500 వాట్ల హీటర్‌తో 50 లీటర్లు సరిగా మరగవు. వంటింటి పొయ్యి మీద ఒక్క బర్నర్‌తోనూ అంతే, అది సన్నగా కుతకుతమంటూ ఉండిపోతుంది. 240 వోల్టుల మీద 5500 వాట్ల ఎలిమెంట్ అయితే హాయి. కాగేదాకా పూర్తిగా పెట్టి, మరుగు పట్టాక 70 శాతానికి తగ్గిస్తే సరిపోతుంది. దానికి 30 ఆంప్స్ లైను, షాక్ కొట్టకుండా ఆపే జీఎఫ్‌సీఐ ఉండాలి. ఎలక్ట్రీషియన్‌తోనే వేయించుకోండి.

గ్యాస్ అయితే ప్రొపేన్ బర్నర్. ఇంట్లో గానీ, తలుపు మూసిన గ్యారేజీలో గానీ వెలిగించొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. మరుగుతున్న 50 లీటర్ల కెటిల్‌ను ఇద్దరు కలిసి కూడా ఎత్తొద్దు. అడుగున వాల్వ్ పెట్టించుకుని, పంపుతోనో ఎత్తు నుంచి పైపుతోనో దించండి. చెప్పులతో కాకుండా బూట్లతో నిలబడండి.

సమయం కూడా ఇక్కడే లెక్కపెట్టుకోవాలి. 70 డిగ్రీల దగ్గర కెటిల్లోకి వచ్చిన వర్ట్ మరగాలంటే దాదాపు 1.7 యూనిట్లు కావాలి. 5500 వాట్లతో 20 నుంచి 25 నిమిషాలు. ఇంకా చిన్న హీటర్ అయితే గంట కూడా పట్టొచ్చు. అందుకే వర్ట్ మొత్తం దిగేదాకా ఆగకుండా, కెటిల్లో జానెడు మట్టం రాగానే సన్నగా మంట పెట్టేస్తాను. కరెంటు ఎలిమెంట్ అయితే అది పూర్తిగా మునిగాకే స్విచ్ వేయాలి, లేకపోతే మాడు వాసన బీరంతా పట్టుకుంటుంది.

5. పొంగు

పాలు పొంగడం చూసిన ప్రతి ఒక్కరికీ ఇది తెలిసిన విషయమే. 96 డిగ్రీలు దాటగానే వర్ట్ పైన గోధుమ రంగు నురగ దుప్పటిలా పరుచుకుంటుంది. అది మాల్ట్‌లోని మాంసకృత్తుల నురగ. ఒక్కసారిగా లేచి అంచు దాటుతుంది. పాలగిన్నె మీద గరిట అడ్డంగా పెట్టినట్టు ఇక్కడ పెడితే ఆగదు, అంత నురగ అది.

95 డిగ్రీల నుంచి కెటిల్ పక్కనే నిలబడండి. నురగ లేవగానే మంట తగ్గించండి, చన్నీళ్లు నింపిన స్ప్రే బాటిల్‌తో పైన చల్లండి, గరిటతో అడుగు నుంచి కలపండి. ఫర్మ్‌క్యాప్ లాంటి నురగ తగ్గించే చుక్కలు వేస్తే చాలా టెన్షన్ తగ్గుతుంది. ఐదారు నిమిషాల్లో నురగ విరిగి, వర్ట్‌లో కోడిగుడ్డు సొన తునకల్లాంటివి తేలుతూ కనిపిస్తాయి. ఇక పొంగు భయం చాలావరకు పోయినట్టే.

కెటిల్ చిన్నదైనవాళ్లకు కిటుకు ఇక్కడే ఉంది. చివరి 4 లీటర్ల వర్ట్‌ను వేరే గిన్నెలో ఆపి ఉంచండి. నురగ విరిగాక, పక్క పొయ్యి మీద దాన్ని వేడి చేసి మెల్లగా కెటిల్లోకి పోయండి. 57 లీటర్ల కెటిల్లో గంటన్నర మరిగే పిల్స్‌నర్ అనే లేత రంగు బీరు కూడా ఇలాగే కాచాను. లెక్క రాసేటప్పుడు మాత్రం ఆ 4 లీటర్లు కలపడం మర్చిపోకండి.

6. గడియారం ఎప్పుడు మొదలవుతుంది

చాలా రెసిపీలు గంట మరుగు, 60 నిమిషాల హాప్స్ (మంట ఆపడానికి 60 నిమిషాల ముందు వేసేవి) అంటాయి. దాంతో మరుగు మొదలవడం, హాప్స్ పడడం, గడియారం నొక్కడం మూడూ ఒకేసారి జరగాలని అనుకుంటాం. ఆ మూడూ ఒకేసారి జరగాల్సిన పనిలేదు.

నురగ విరిగాక మంట తగ్గించి మట్టం చూడండి. 51.3 ఉండాల్సినచోట 51 ఉంటే సరే, చేదు హాప్స్ వేసి గడియారం నొక్కండి. 54 ఉంటే హాప్స్ సంచి అలాగే పక్కన ఉంచండి. 2.7 లీటర్లు ఎక్కువ, గంటకు 5.5 చొప్పున పోతుంది కాబట్టి అరగంట మరిగించాలి. ఆ అరగంట ముందే మరిగించేయండి. అప్పుడు వేసే ప్రతి హాప్స్‌కీ రెసిపీలో రాసినంత సమయమే దక్కుతుంది. ఎక్కువ మరిగించాలంటే హాప్స్ పడకముందే మరిగించాలి, పడ్డాక పొడిగించకూడదు.

ఇది ఎంత తేడా తెస్తుందో ఇళ్లలో కాచేవాళ్లలో ఎక్కువమంది చేదు అంచనాకు వాడే టిన్‌సెత్ సూత్రంతో చూడొచ్చు. 60 నిమిషాల హాప్స్‌ను 90 నిమిషాలు మరిగిస్తే చేదు 7 శాతమే పెరుగుతుంది, ఎవరూ గుర్తుపట్టరు. 10 నిమిషాల హాప్స్‌ను 30 నిమిషాలు మరిగిస్తే రెట్టింపు దాటుతుంది. నా మొదటి బ్యాచ్‌లోలా 45 నిమిషాలైతే రెండున్నర రెట్లు. వాసన పోవడం దానికి అదనం. మొదట వేసే హాప్స్ దగ్గర ఆలస్యాన్ని క్షమించొచ్చు, చివర వేసేవాటి దగ్గర కుదరదు.

చివరి హాప్స్ వేసేముందు గడియారాన్ని ఆపడానికి వెనకాడకండి. మరుగు ఆగినా గడియారం ఆపాలి. చివరి 15 నిమిషాల్లో వర్ట్‌ను తర్వాత చల్లార్చే రాగి గొట్టపు చుట్టను, అంటే చిల్లర్‌ను, క్రిములు పోవడానికి వర్ట్‌లో ముంచుతాం. చల్లటి రాగి చుట్ట పడగానే మరుగు చల్లబడిపోతుంది, మళ్లీ పుంజుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఆ నిమిషాలు లెక్కలోకి రావు.

మొత్తం మరుగు ఎంతసేపుండాలి అన్నది మాల్ట్‌ను బట్టి. పిల్స్‌నర్ మాల్ట్‌లో ఎస్ఎంఎం అనే పదార్థం ఎక్కువ. వేడికి అది డీఎంఎస్‌గా మారుతుంది, అది బీరులో ఉండిపోతే ఉడికించిన మొక్కజొన్న పొత్తు వాసన వస్తుంది. మరుగుతున్నప్పుడు ఎస్ఎంఎం దాదాపు 40 నిమిషాలకు సగమవుతుంది. గంటకు మూడోవంతు మిగిలితే, గంటన్నరకు ఐదోవంతే మిగులుతుంది. అందుకే పిల్స్‌నర్‌కు గంటన్నర, మామూలు పేల్ మాల్ట్‌కు గంట. పుట్టిన డీఎంఎస్ ఆవిరితో పోవాలి కాబట్టి మరుగు పట్టాక మూత పెట్టొద్దు. సగం మూత పెట్టి మరిగిస్తే నీటి చుక్కలతో పాటు అది మళ్లీ లోపలికే కారుతుంది. మంట చాలక మూత పెట్టాల్సి వస్తోందంటే, ఆ కెటిల్‌కు ఆ బర్నర్ సరిపోదని అర్థం.

డెన్వర్ లాంటి ఎత్తు ప్రదేశాల్లో ఉన్నవాళ్లకు 95 డిగ్రీలకే మరుగు పడుతుంది. హాప్స్ చేదు తక్కువగా దిగుతుంది, మొదటి హాప్స్ కాస్త ఎక్కువ వేసుకోండి.

7. ఇంకో 20 నిమిషాలు ఉందనగా

చివరి హాప్స్ పడకముందే రెండోసారి కొలవండి. నా లెక్కలో అప్పుడు 47.6 లీటర్లు ఉండాలి. రిఫ్రాక్టోమీటర్‌తో చిక్కదనం కూడా చూడండి. రెండు అంకెలూ చేతిలో ఉంటే ఏం చేయాలో అవే చెప్తాయి.

మట్టం ఎక్కువ, వర్ట్ పలచన: ఇది ఎక్కువగా జరిగేది. 50 లీటర్లు కనిపిస్తే 2.4 ఎక్కువ, అంటే 26 నిమిషాలు. గడియారం అక్కడే ఆపి, ఆ 26 నిమిషాలు ఇప్పుడే మరిగించి, మళ్లీ 20 దగ్గర నుంచి మొదలుపెట్టండి.

మట్టం తక్కువ, వర్ట్ చిక్కన: ఎలక్ట్రిక్ కెటిల్లో మరిగించిన నీళ్లు ఎంత తగ్గితే అంత పోసేయండి. దీనికంత సులువైన పని ఇంకోటి లేదు. అందుకే ఎటూ తేల్చుకోలేని రోజు నేను కాస్త ఎక్కువగానే మరిగిస్తాను. నీళ్లు కలపడానికి నిమిషం చాలు, తీసేయడానికే అరగంట.

మట్టం సరిగ్గా ఉండి వర్ట్ పలచగా ఉంటే, మాల్ట్‌లోంచి చక్కెర సరిగా దిగలేదన్నమాట. ఎక్కువసేపు మరిగిస్తే బీరు తగ్గిపోతుంది. పొడి మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ కలపండి. ఒక కిలో ఒక లీటరులో దాదాపు 367 పాయింట్లు ఇస్తుంది. 44 లీటర్లను 3 పాయింట్లు పెంచాలంటే 132 పాయింట్లు, అంటే 360 గ్రాములు. మరుగుతున్న వర్ట్‌లో పొడి నేరుగా దులిపితే ఆవిరికి గడ్డ కట్టి గరిటకు అతుక్కుంటుంది, పైగా మళ్లీ పొంగుతుంది. మంట ఆపి, గిన్నెలో కొద్దిగా వర్ట్ తీసుకుని కలిపి పోయండి.

మట్టం ఎక్కువగా ఉన్నా చిక్కదనం సరిగ్గా ఉంటే ఏమీ చేయకండి. రెసిపీ సమయానికే ఆపేయండి, రెండు లీటర్ల బీరు కలిసొచ్చింది. లీటర్లా గ్రావిటీనా అని తేల్చుకోవాల్సి వస్తే నేను గ్రావిటీ వైపే ఉంటాను, చేదు తీపి లెక్క అంతా దాని మీదే నిలబడుతుంది.

8. పెద్ద కెటిల్ లేకపోతే

రెండు దారులున్నాయి. ఒకటి, చిక్కటి వర్ట్ తక్కువ మట్టంతో మరిగించి, చల్లారాక ఫర్మెంటర్‌లో మరిగించి చల్లార్చిన నీళ్లు కలపడం. ఇందులో చిక్కు హాప్స్ దగ్గర. వర్ట్ చిక్కబడే కొద్దీ చేదు దిగడం తగ్గుతుంది. టిన్‌సెత్ సూత్రం ప్రకారం 1.050 దగ్గర దిగే చేదుతో పోలిస్తే 1.090 దగ్గర 30 శాతం తక్కువ. దాన్ని పూడ్చడానికి చేదు హాప్స్ దాదాపు ఒకటిన్నర రెట్లు వేయాలి. రంగు కూడా కొంచెం ముదురుతుంది. నల్లటి స్టౌట్ బీర్లకు ఇబ్బంది లేదు, లేత రంగు లాగర్‌కు నేను ఈ పని చేయను.

రెండోది, వర్ట్‌ను రెండు కెటిల్స్‌లో పంచి రెండు పొయ్యిల మీద కాచడం. ఇక్కడ చాలామంది పొరపడేది తరుగు దగ్గరే. రెండు కెటిల్స్‌కీ పైన తెరుచుకున్న వెడల్పు ఉంది, రెండూ ఆవిరి వదులుతాయి. ఒక్కోటీ గంటకు 4 లీటర్లు వదిలితే మొత్తం 8. వర్ట్ దించేటప్పుడు మొదట చిక్కగా, చివర పలచగా వస్తుంది కాబట్టి ఒకటి నిండాక రెండోది నింపొద్దు. జగ్గుతో మార్చి మార్చి రెండింటిలోకీ పోస్తూ రండి. హాప్స్‌ను లీటర్ల నిష్పత్తిలో తూచి ముందే రెండు కప్పుల్లో పెట్టుకోండి. మరుగు రెండింటిలో ఒకేసారి మొదలవదు, కాబట్టి రెండింటికీ వేరు వేరు టైమర్లు, వాటి మీద టేపు అంటించి పేర్లు.

9. మంట ఆపాక కూడా గడియారం నడుస్తూనే ఉంటుంది

20 లీటర్ల వర్ట్ నా చిల్లర్‌తో ఐదు నిమిషాల్లో 80 డిగ్రీలకు దిగేది. 44 లీటర్లకు పావుగంట దాకా పడుతుంది. 80 పైన ఉన్నంతసేపూ హాప్స్ నుంచి చేదు దిగుతూనే ఉంటుంది, మెల్లగానైనా. కాబట్టి చిన్న బ్యాచ్ రెసిపీలో మంట ఆపగానే వేయమన్న హాప్స్ పెద్ద బ్యాచ్‌లో దాదాపు 5, 10 నిమిషాల హాప్స్‌లా పనిచేస్తాయి. నేను మంట ఆపి, ముందు చిల్లర్‌లో నీళ్లు తిప్పి 80 కిందికి దించుతాను. అప్పుడు నీళ్లు ఆపి, హాప్స్ వేసి, గరిటతో సుడి తిప్పి 20 నిమిషాలు ఉంచుతాను. ఆ తర్వాత మళ్లీ చల్లార్చడం.

టెక్సాస్ ఆగస్టులో మా కుళాయి నీళ్లే గోరువెచ్చగా వస్తాయి. కుళాయి నీళ్లతో 40 డిగ్రీల దాకా దించి, అక్కడి నుంచి పెద్ద కూలర్‌లో ఐసు నీళ్లు పోసి చిన్న పంపుతో చిల్లర్‌లో తిప్పుతాను. మొదటి నుంచీ ఐసు వాడితే సగంలోనే కరిగిపోతుంది. చిల్లర్‌ను కదుపుతూ ఉండండి, ఊరికే నిలబెడితే చుట్ట పక్కన వర్ట్ మాత్రమే చల్లబడి మధ్యలో వేడిగానే ఉంటుంది.

చల్లారాక చివరిసారి కొలకర్ర ముంచండి. మరుగు మొదట్లో మట్టం, 20 నిమిషాల ముందు మట్టం, మంట ఆపినప్పుడు మట్టం, చల్లారాక మట్టం, ఈ నాలుగూ ఆ రోజు వాతావరణంతో పాటు నోట్‌బుక్‌లో రాయండి. మూడో బ్యాచ్ నాటికి మీ కెటిల్ గంట తరుగు ఎంతో అర లీటరు లోపు తెలిసిపోతుంది. నాలుగో బ్యాచ్‌కు ఆ అంకెతోనే కెగ్ నుంచి వెనక్కి మళ్లీ లెక్క మొదలుపెట్టండి.